బావ పట్టిన తాడు

నీళ్ళలో ఉద్యోగం చేసినవాడి మాటలు సగం తడిగా ఉంటాయనీ, పిండుకుని వినాలనీ మా ఆవిడ అంటుంది. ఏలూరు కాలవ అడుగున దొరికిన సైకిలెక్కి తొక్కుకుంటూ ఒడ్డుకొచ్చిన సంగతి, ఓ వాలుగ చేప నా వాచీ మింగి మర్నాడు టైము సరిచేసి తెచ్చిచ్చిన సంగతి మా వీధిలో చాలామందికి చెప్పాను. వాటికి సాక్షులు లేరు. ఇప్పుడు చెప్పబోయేదానికి ఉన్నారు. ఒక సి.ఐ., ఒక వి.ఆర్.ఓ., సంకెళ్ళతో ఒక ముద్దాయి, మామిడి కాయలు కోసే మనుషులు ఒక ట్రాక్టరు నిండా. పోలీసు శాఖలో గజ ఈతగాళ్ళుగా చేరాలనుకునే కుర్రాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, దీన్ని పిండకుండానే చదువుకోవచ్చు.

మా పని ఏమిటంటే, నేరం చేసినవాడు చేతిలో ఉన్నదాన్ని నీళ్ళలో విసిరేస్తాడు. నీళ్ళు కడుపులో దాచుకుంటాయని వాడి నమ్మకం. మేం దిగి ఆ కడుపులో చెయ్యిపెట్టి తీసుకురావాలి. మన వైపు కాలవల్లో, గుంటల్లో అడుగున కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. చేతులే కళ్ళు. నడుముకి ఒక తాడు. ఆ తాడు రెండో కొస ఒడ్డున ఒక మనిషి చేతిలో. ఒకసారి కుదిపితే బాగున్నానని, రెండుసార్లు కుదిపితే తాడు వదలమని, మూడుసార్లయితే పైకి లాగమని. మా భాష అంతే. ఇంతకన్నా ఎక్కువ మాటలతో కాపురాలు చేసేవాళ్ళు ఎంత సుఖంగా ఉన్నారో మీకూ తెలుసు.

నా తాడు పట్టినవాడు బాపులపాడు వైపు మనిషి. నాకన్నా ఓ రెండేళ్ళు పెద్ద. నేను మొదటిసారి దిగిన రోజునే నన్ను "బావా" అన్నాడు. మాకు ఏ చుట్టరికమూ లేదు. ఎందుకలా పిలిచావని అడిగితే, "పేరు పెట్టి పిలిచాననుకో, రేపు నువ్వు పైకి రాకపోతే ఆ పేరు నాకు గుర్తుండిపోద్ది. బావ అంటే బోలెడుమంది ఉంటారు" అన్నాడు. ఆ రోజు నుంచి నేనూ వాణ్ణి బావా అనే పిలిచాను.

వాడు తాడు పట్టుకునే పద్ధతి వేరు. అందరూ గుప్పెట్లో పట్టుకుంటారు. వాడు చిటికెన వేలి మీదుగా పోనిచ్చి, పిచ్చుకని పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. పైన వాడు బీడీ వెలిగిస్తే కింద నాకు తెలిసేది. సి.ఐ.గారు వాణ్ణి తిడితే తాడు బిగిసేది. పొద్దున ఇంట్లో గొడవ పడి వచ్చాడో లేదో కూడా అడుగున బురదలో కూర్చుని చెప్పేవాణ్ణి. మిగతావాటి సంగతి మీ ఇష్టం గానీ ఇది మాత్రం నమ్మాలి.

దిగేముందు వాడు నా ఒళ్ళంతా ఒకసారి తడిమేవాడు. చెవి దగ్గర తట్టి "చెవి" అనేవాడు. సిలిండరు మీద తట్టి "గాలి". పిక్కకి కట్టుకునే చిన్న కత్తి మీద తట్టి "కత్తి". ఆ కత్తి ఎందుకంటే, అడుగున వలో తీగో చుట్టుకుంటే కోసుకోవడానికి. ఆఖరికి భుజం మీద చెయ్యేసి నీళ్ళవైపు చిన్నగా తోసి "పోయిరా బావా" అనేవాడు. ఆ మాట వినకుండా నేను దిగిన రోజు లేదు.

అలాంటి కాపురంలోకి ఒక కుర్రాడొచ్చాడు.

క్రీడల కోటాలో వచ్చాడు. ఈత పోటీల్లో పతకాలు గెలిచాడట. నీళ్ళలో వేసుకునే నల్ల సూటు నాకు తొడిగితే చేమదుంపకి తొక్కలా ఉండేది. వాడు తొడుక్కుంటే చూడ్డానికి ఆడవాళ్ళే కాదు, డ్రైవర్లు కూడా జీపు దిగేవారు. నూనె వస్తువులు తినడు. సిగరెట్ లేదు. అందర్నీ అండీ అంటాడు. వాణ్ణి తిట్టడానికి ఒక్క కారణం కూడా ఇవ్వని మనిషి, అదే వాడి మీద నా మొదటి ఫిర్యాదు. వచ్చిన కొత్తలోనే ఉంగుటూరు దగ్గర కాలవలో దిగి దొంగ విసిరేసిన గొలుసు తెచ్చాడు. పేపర్లో వాడి ఫోటో వేశారు. వాడి పక్కన నేనూ ఉన్నాను. నా మోచెయ్యి పడింది. కత్తిరించి దాచుకున్నాను, మోచెయ్యి అయినా నాదే కదా.

అదంతా ఓర్చుకున్నాను. ఒకరోజు సి.ఐ.గారు, "కుర్రాడికి కొన్నాళ్ళు తాడు భాష నేర్పు" అని మా బావకి చెప్పారు. వారం పొడుగునా వాళ్ళిద్దరూ చెరువు దగ్గర, నేను స్టేషన్లో ఫ్యాను కింద. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

"ఏంటండీ, కూర బాలేదా?" అంది మా ఆవిడ.

"వాడికి గట్టిగా పట్టుకుంటే నచ్చుతుందో, వదులుగా పట్టుకుంటే నచ్చుతుందో. మా బావకేం తెలుసు" అన్నాను.

"అసలు మీరు తాడు కట్టింది నాకా, ఆయనకా?" అంది. "నా విషయంలో ఎప్పుడన్నా ఇంత కుళ్ళుకున్నారా?"

"నిన్నెవరు ఎత్తుకుపోతారే" అన్నాను. ఆ పూట కూరే కాదు, పెరుగూ లేదు.

ఇక ఆ రోజు సంగతి. మామిడి కోతలు జోరుగా ఉన్న రోజులు. నూజివీడు నుంచి మైలవరం వైపు వెళ్తే తోటల వెనకాల కంకర తవ్వి వదిలేసిన క్వారీ గుంట ఒకటుంది. ఇద్దరు భాగస్తులు కలిసి ఒక తోట కాపు కొన్నారు. రసాలు ఎవరివి, బంగినపల్లి ఎవరివి అని మొదలైన మాట పెరిగి, ఒకడు కొమ్మలు నరికే కత్తితో రెండోవాణ్ణి నరికాడు. పోయినవాడు పోయాడు. నరికినవాడు దొరికాడు. కత్తి మాత్రం ఆ గుంటలో ఉంది. అది దొరక్కపోతే కేసు కోర్టులో నిలబడదని సి.ఐ.గారి బెంగ.

"ఎటు విసిరావురా?" అని అడిగారు.

ముద్దాయి సంకెళ్ళ చేతులెత్తి ముందు తూర్పు ఒడ్డు చూపించాడు. తర్వాత పడమటి ఒడ్డు చూపించాడు. "చీకట్లో విసిరానండి. ఎటు విసిరానో నా చేతిక్కూడా తెలవదండి" అన్నాడు.

గుంట పెద్దది. ఎండ ముదురుతోంది. ఇద్దరూ ఒకేసారి దిగండి, చెరో ఒడ్డునుంచి వెతుక్కుంటూ రండి అన్నారు సి.ఐ.గారు. ఇద్దరు దిగితే రెండు తాళ్ళు. పట్టడం తెలిసినవాడు ఒక్కడే.

సి.ఐ.గారు నా భుజం తట్టారు. "నువ్వు సీనియర్‌వి. నీకెవరు పట్టినా ఒకటే. ఇతన్ని కుర్రాడికిస్తున్నాను. ఇవాళ బాగా జరిగితే జట్లు ఇలాగే ఖాయం చేసేద్దాం."

పొగిడి పీక కోయడమంటే అదే. సరేనన్నాను. మా బావ నావైపు చూశాడు, నేను చూడనట్టు నటించాను. ఆ క్షణంలో ఒకటి నిర్ణయించుకున్నాను. కత్తి నాకే దొరకాలి. కుర్రాడు ఉత్త చేతులతో పైకి రావాలి. అప్పుడు సి.ఐ.గారు చచ్చినట్టు ఈ ఖాయం సంగతి మర్చిపోయి నా బావని నాకిచ్చేస్తారు. హంతకుడికి శిక్ష పడాలన్న ధ్యాస కూడా ఉండే ఉంటుంది, ఎక్కడో వెనక సీట్లో.

నా తాడు ఎవరు పట్టాలి? ఒక కానిస్టేబులుకి చేతికి కట్టు ఉంది. ఇంకొకాయన గుంట అంచుకి రావడానికే భయపడుతున్నాడు. కాయలు కోసే ముఠా మేస్త్రీ ఒకాయన, మంచి కండ ఉన్న మనిషి, తలపాగా విప్పి చేతికి చుట్టుకుంటూ ముందుకొచ్చాడు.

"నేను పడతానండి. తాడు పని నాకలవాటే."

నా కళ్ళూ చెవులూ అవతలి ఒడ్డు మీదే ఉన్నాయి. "మూడుసార్లు కుదిపితే ఏం చెయ్యాలో తెలుసుగా?" అన్నాను, అటే చూస్తూ.

"భలేవారండీ. పుట్టిందగ్గర్నుంచీ అదే పని."

ఇంకేం అడగలేదు. అవతల మా బావ కుర్రాడి చెవి దగ్గర తట్టాడు. సిలిండరు మీద తట్టాడు. పిక్క మీద తట్టాడు. నీళ్ళ మీదుగా ఒక్కొక్క మాటా నాకు వినపడుతోంది. పోనీ, పని కదా, పనిలో చెయ్యాల్సిందేగా అనుకున్నాను. తర్వాత వాడు కుర్రాడి భుజం మీద చెయ్యేశాడు.

"పోయిరా బావా."

తమ్ముడూ అనొచ్చు. ఒరేయ్ అనొచ్చు. ఊళ్ళో ఇన్ని పిలుపులుండగా ఆ ఒక్కటే దొరికిందా? నేను ఇంకెవరూ తొయ్యకుండానే నీళ్ళలో పడ్డాను. పిక్కకి కట్టుకోవాల్సిన కత్తి జీపు సీటు మీదే ఉంది. తట్టి గుర్తుచేసేవాడు అవతలి ఒడ్డున ఉన్నాడు మరి.

పైన నీళ్ళు కాగి ఉన్నాయి. కాస్త దిగేసరికి చల్లబడ్డాయి. అడుగుకి చేరేసరికి చేతికి తగిలింది బురద కాదు, టెంకలు. కుళ్ళిన కాయల్ని ట్రాక్టర్లకొద్దీ ఆ గుంటలోనే పోస్తారట. కండంతా పోయి, పీచు మిగిలి, ఋషుల గడ్డాలన్నీ ఒకచోట పోగేసినట్టుంది. చీకట్లో ప్రతి టెంకా కత్తి పిడిలానే తగులుతుంది. పట్టుకుంటాను, గుండె ఝల్లుమంటుంది, పీచు. మళ్ళీ పట్టుకుంటాను, మళ్ళీ పీచు. రసాల టెంకకీ కలెక్టరు కాయ టెంకకీ తేడా కళ్ళు మూసుకుని చెప్పగలనని ఇప్పుడు నేనంటే నవ్వుతారు గానీ ఆ విద్య నాకక్కడే వచ్చింది.

ఆ టెంకల మధ్య పాకుతూ నేను కత్తి గురించి ఆలోచించలేదు. అవతల కుర్రాడి తాడు గురించి ఆలోచించాను. ఇప్పుడు బావ బీడీ వెలిగించి ఉంటాడు, కుర్రాడికి అది తెలిసుంటుందా? తెలిసినా ఏమనుకుంటాడు, పొగ పడదుగా వాడికి. ఇలా కుళ్ళుకుంటూ ఒక పెద్ద ఇనప చట్రం పక్కకి చేరాను. క్వారీవాళ్ళు వదిలేసిన సామాను. దాని కింద చెయ్యి పెడితే ఈసారి టెంక కాదు. గుడ్డ పేలిక చుట్టిన పిడి. దాని వెంట వేళ్ళు పోనిస్తే చల్లటి వంకర అంచు.

దొరికింది. నాకే దొరికింది.

తాడుని మూడుసార్లు కుదిపాను. పెళ్ళిలో బాజాలు మొదలెట్టమన్నట్టు కుదిపాను.

తాడు బిగియలేదు. వదులైంది. పైనుంచి ఇంకొంచెం తాడు వచ్చింది. సరిగ్గా అందలేదేమోనని మళ్ళీ మూడుసార్లు, ఇంకాస్త గట్టిగా. ఇంకా తాడు వచ్చింది. మళ్ళీ కుదిపాను. మళ్ళీ వచ్చింది. చుట్టలు చుట్టలుగా నా తల మీద, భుజాల మీద, కాళ్ళ చుట్టూ పడుతోంది. పైనున్న మనిషికి నా మీద పాత పగేమైనా ఉందా అనుకున్నాను. పక్కకి జరగబోతే సిలిండరు మెడకి ఒక చుట్ట, ఇనప చట్రానికి ఒక చుట్ట పడి నన్ను అక్కడే కట్టేశాయి.

పైన ఏం జరిగిందో తర్వాత అందరూ తలా కాస్త చెప్పారు. మా మేస్త్రీ తాడు వదులుతూనే ఉన్నాడట, మహా జాగ్రత్తగా, కాయ నలక్కుండా. అవతలి ఒడ్డునుంచి మా బావ చూశాడు. నా బుడగలు ఒకేచోట లేస్తున్నాయి, నా తాడు మాత్రం నీళ్ళలోకి పోతూనే ఉంది.

"ఒరేయ్ మేస్త్రీ, ఏంటా వదలడం? లాగు."

"దించమంటున్నాడండి. మూడు కుదిపాడు."

"మూడంటే లాగమని రా."

"మూడంటే దించడమండి. గంప నిండితే చెట్టు మీదోడు మూడు కుదుపుతాడు, మనం కిందికి వదలాలి. ఇప్పటికి మూణ్ణాలుగుసార్లు కుదిపాడండి, ఇదేం గంపో ఎంతకీ నేలకి ఆనట్లేదు."

"అది చెట్టు కాదురా నాయనా, గుంట. లాగు."

అప్పుడు లాగారు. మేస్త్రీ, చేతికి కట్టున్న కానిస్టేబులు, అంచుకి రావడానికి భయపడ్డాయన, అందరూ కలిసి. తాడు బిగిసి నన్ను పైకి కాదు, ఇనప చట్రానికేసి అదిమింది. పక్కటెముకలు ఒక్కొక్కటీ తమ పేరు చెప్పుకున్నాయి. ఊపిరి సగమే అందుతోంది. పిక్క తడుముకున్నాను. అక్కడ కత్తి లేదు.

చేతిలో ఉంది.

ఒక మనిషిని చంపిన కత్తి. దాన్ని సంచీలో పెట్టి, ముట్టుకోకుండా పైకి తేవాలని శిక్షణలో మొదటి పాఠం. నేను దాంతో నా తాడు కోశాను. నడుము దగ్గర ఒక కోత, సిలిండరు మెడ దగ్గర ఇంకొకటి. ఎవడు పదును పెట్టాడో గానీ వెన్నలా తెగింది.

బిగిసిన తాడు ఒక్కసారి తెగేసరికి పైన మేస్త్రీ వెల్లకిలా పడ్డాడు. "గంప తెగిపోయిందండి" అన్నాడట. ఎవరూ నవ్వలేదట. తెగిన కొస నీళ్ళు కారుతూ ఒడ్డుకొస్తే అందరూ దానివైపే చూస్తున్నారు. అవతల మా బావ కూడా చూశాడు. కుర్రాడు ఆ సమయానికి రాతి అరుగు కింద ఎక్కడో దూరి ఉన్నాడు. సి.ఐ.గారు తర్వాత నాతో ఇలా చెప్పారు: "ఆయన మొహం చూడలేకపోయానయ్యా. చెయ్యి మాత్రం కదల్లేదు."

నేను తొందరపడకుండా, నేర్చుకున్నట్టే నెమ్మదిగా పైకి తేలాను. చెయ్యెత్తి కత్తి చూపించాను. మామిడి కోతవాళ్ళంతా ఈలలు వేశారు. జీవితంలో నాకు ఈలలు పడిన రోజు అదొక్కటే. నేను చూసింది మాత్రం అవతలి ఒడ్డుకే. మా బావ గడ్డం ఇంత పైకెత్తాడు. అంతే. తాడు వదల్లేదు, ఒక్క అడుగు వెయ్యలేదు.

సి.ఐ.గారు కత్తి చూశారు, నా నడుముకి వేలాడుతున్న తాడు ముక్క చూశారు. "హత్యాయుధంతో తాడు కోశావా?"

"కోయకపోతే మీరు రెండో పంచనామా రాయించాల్సి వచ్చేదండి" అన్నాను.

వి.ఆర్.ఓ. గారు కలం పట్టుకుని, "అయితే తాడు ముక్క కూడా స్వాధీనం చేసుకున్నట్టు రాయమంటారా సార్?" అని వినయంగా అడిగారు. సి.ఐ.గారు ఆయనకేసి చూసిన చూపుకి ఆయన కలం మూసేశారు.

మేస్త్రీ వచ్చి నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తప్పైపోయిందండి. మాకు పైనుంచి కిందికి రావడమే తెలుసండి. కింద నుంచి పైకి వచ్చే కాయని ఎప్పుడూ చూళ్ళేదండి." ఆయన్నేమంటాం? అడగాల్సిన ప్రశ్న అటు చూస్తూ అడిగింది నేను. మూడంటే ఏంటో తెలుసా అని కాదు, మూడంటే ఏం చేస్తావో చెప్పు అని అడగాలి. ఈత నేర్చుకునేవాళ్ళు ఇది ఒక్కటీ గుర్తుంచుకున్నా చాలు.

కుర్రాడు పైకొచ్చాడు. వాడి చేతిలో విరిగిన ప్లాస్టిక్ ట్రే ఉంది, కాయలు సర్దుకునేది. అది చూసి నాకు పక్కటెముకల నొప్పి కూడా తగ్గింది. మా బావ వాడి నడుము ముడి విప్పాడు, చెవులు చూశాడు, నీళ్ళు తాగించాడు. అదంతా అయ్యాక గుంట చుట్టూ నడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"బతికావా బావా?"

"నీకెందుకులే. నీ తాడు నీకుందిగా."

"నేను చేతిలో తాడు వదిలేసి రావాల్సిందంటావా?"

నడుముకున్న తాడు ముక్క ముడి విప్పుకోవడం మొదలెట్టాను. వదిలేసి వచ్చుంటే ఆ కుర్రాడి ఎదురుగానే మా బావ చెంప పగలగొట్టేవాణ్ణి. రాలేదు కాబట్టి కడుపు మండిపోతోంది. ఈ రెండూ ఒకే పొట్టలో ఎలా పడతాయో నన్నడక్కండి.

అప్పుడే సి.ఐ.గారు వచ్చారు. జరిగింది చూసి ఆయనకీ కాస్త బెదురు పుట్టినట్టుంది. మా బావతో, "జట్ల సంగతి నేను తేల్చను. నువ్వే చెప్పు. ఎవరి తాడు పడతావు?" అన్నారు.

నేను తువ్వాలుతో తల తుడుచుకుంటున్నట్టు మొహం దాచుకున్నాను. కత్తి తెచ్చింది నేను. చావు అంచు దాకా వెళ్ళొచ్చింది నేను. ఇన్నేళ్ళు వాడి బీడీ పొగని నీళ్ళ అడుగునుంచి కనిపెట్టింది నేను. ఏం చెబుతాడో నాకు తెలుసు.

"కుర్రాడిదేనండి" అన్నాడు మా బావ. "ఈయన తాడు కోసుకునైనా పైకొస్తాడు. కుర్రాడికింకా అది రాదు."

తువ్వాలు చాలాసేపు తీయలేదు. తల తడిగానే ఉందని అందరూ అనుకుని ఉంటారు.

తర్వాత నాకు వేరే మనిషిని ఇచ్చారు. మంచివాడే. గుప్పెట్లో పట్టుకుంటాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఎడమ చెవి పాడై, నీళ్ళలో దిగకూడదని డాక్టరుగారు చెబితే ముందుగానే ఉద్యోగం వదిలేశాను. కత్తి కోర్టుకి వెళ్ళింది, కేసు నిలబడింది, ముద్దాయికి శిక్ష పడింది. వాళ్ళిద్దరూ ఇప్పటికీ కలిసే పనిచేస్తున్నారు. టీవీలో ఎక్కడైనా కాలవ ఒడ్డున జనం కనబడితే నేను మునిగినవాళ్ళ కోసం కాదు, తాడు పట్టినవాడి చిటికెన వేలి కోసం చూస్తాను. కుర్రాడు ఒక పండక్కి ఫోన్ చేసి, "మీ గురించి బావ రోజూ చెబుతారండీ" అన్నాడు. వాడూ బావ అనే అంటున్నాడు. సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాను.

మా బావ ఆ రోజు గుంట ఒడ్డున అన్నది నిజమే. నిజం చెప్పినవాడి మీద కుళ్ళుకోవడం ధర్మం కాదు. అందుకని ఆ కుర్రాడి మీదే కుళ్ళుకుంటున్నాను.